చెవికి మిషను పెట్టించారా? ఇక మాటల బడి మీ ఇల్లే!

కుక్కర్ నాలుగో కూత కూసింది. వసారాలో కునుకు తీస్తున్న మామగారు ఉలిక్కిపడి లేచారు. వంటింటి గడప దగ్గర బొమ్మలతో ఆడుకుంటున్న ఏడాది పాప మాత్రం తల కూడా తిప్పలేదు. "ఆటలో పడితే దీనికి లోకమే పట్టదు" అని మురిసిపోయారు అత్తగారు. మీరూ నవ్వేశారు. కానీ ఆ రాత్రి పాపని పక్కలో వేసుకుని జోకొడుతున్నప్పుడు మీకో అనుమానం వచ్చింది. అసలు నా పాట దీనికి వినిపిస్తోందా?

ఆ అనుమానం పైకి చెప్పారనుకోండి, ఇంటిల్లిపాదీ మీదకు వస్తారు. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళు నిండితే గానీ మాటలు రాలేదు" అంటారు ఒకరు. "వస అరగదీసి నాలుక మీద రాయండి, వసపిట్టలా వాగుతుంది" అంటారు మరొకరు. "నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుంది" అని పక్కింటి పిన్నిగారి సలహా. వీళ్ళెవరికీ పాప మీద ప్రేమ లేక కాదు. ఎంతో ప్రేమతోనే చెప్తారు. అలా చెప్పుకుంటూనే రెండేళ్ళు గడిచిపోతాయి. చెవి వినపడని పిల్లల విషయంలో డబ్బు పోయినా తెచ్చుకోవచ్చు గానీ, పోయిన ఆ రెండేళ్ళు మాత్రం తిరిగి రావు. అందుకే ఈ వారం ఈ సంగతి మీతో కాస్త తీరుబడిగా మాట్లాడాలనిపించింది.

గొంతు బాగానే ఉంది!

మనలో చాలామంది చెవుడు వేరు, మూగతనం వేరు అనుకుంటాం. పుట్టుకతో చెవుడున్న పిల్లల్లో చాలామందికి గొంతు, నాలుక, పెదవులు అన్నీ భేషుగ్గా ఉంటాయి. ఏడుపు వినండి, ఇల్లెగిరిపోతుంది. మాట రానిది గొంతులో లోపం వల్ల కాదు, విననిది పలకలేరు గనుక. మీరు తెలుగు ఎలా నేర్చుకున్నారు? ఎవరైనా వ్యాకరణం చెప్పారా? అమ్మ అంది, నాన్న అన్నాడు, మీరు విన్నారు, అన్నారు. అంతేగా!

బిడ్డ కడుపులో ఉండగానే, నెలలు నిండకముందే, వినడం మొదలుపెడుతుంది. పుట్టాక మొదటి మూడు, మూడున్నరేళ్ళూ మెదడు శబ్దాలకోసం చేతులు చాచుకుని కూర్చుంటుంది. ఆ కాలంలో శబ్దం అందితే దాన్ని మాటగా మార్చుకుంటుంది. అందకపోతే ఊరుకోదు, ఆ చోటును చూపుకీ ఇతర పనులకీ వాడేసుకుంటుంది. తర్వాత ఎంత మంచి మిషను పెట్టినా నేర్చుకోవడం కష్టమయ్యేది ఇందుకే.

పుట్టే పిల్లల్లో వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురి దాకా వినికిడి లోపంతో పుడతారు. వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా తల్లిదండ్రులు చక్కగా వినగలిగినవాళ్ళే. కాబట్టి "మా వంశంలో ఎవరికీ లేదు" అని ధీమాగా ఉండడానికి వీల్లేదు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. గర్భిణిగా ఉండగా తల్లికి రుబెల్లా సోకినా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే కామెర్లు బాగా ముదిరినా, మెదడువాపు జ్వరం వచ్చినా, కొన్ని రకాల బలమైన ఇంజెక్షన్లు పడినా చెవి దెబ్బతినవచ్చు. కొందరిలో కారణమే తెలియదు.

ఇంట్లోనే గమనించండి

మీ బిడ్డ పుట్టిన కొత్తలో తలుపు దభాల్న పడితే ఉలిక్కిపడాలి. మూడు నాలుగు నెలలకు ఏడుస్తున్నా మీ గొంతు వింటే కాస్త సద్దుమణగాలి. ఆరేడు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి. తొమ్మిది పది నెలలకు పేరు పెట్టి పిలిస్తే చూడాలి. "బబబ", "దదద" అంటూ ఉండాలి. ఏడాది నిండేసరికి అత్త, తాత లాంటి ఒకటి రెండు మాటలు రావాలి. రెండేళ్ళకు "అమ్మా, పాలు" అని రెండేసి మాటలు కలపాలి.

ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్త. వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో "ఊ... ఊ..." అని ఊ కొడుతుంది. "చూశారా, మాట్లాడుతోంది" అని మనం సంబరపడతాం. తన గొంతు తనకే వినపడదు గనుక ఆ ఊసులు మెల్లగా తగ్గిపోతాయి. అలాగే వెనకనుంచి మీరు చప్పట్లు కొడితే తిరిగి చూసిందంటే విన్నట్టే అనుకోకండి. మీ నీడ కనిపించి ఉండవచ్చు, గాలి తగిలి ఉండవచ్చు, నేల అదిరి ఉండవచ్చు. వినపడని పిల్లలకి చూపు, స్పర్శ చురుగ్గా పనిచేస్తాయి. అనుమానం వస్తే ఇంటి పరీక్షలతో తృప్తి పడకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిందే.

ఒకటి, మూడు, ఆరు

ఈ మూడు అంకెలు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. నెల లోపల వినికిడి పరీక్ష జరగాలి. మూడు నెలల లోపల లోపం ఉందో లేదో తేలాలి. ఉంటే ఆరు నెలల లోపల మిషను, శిక్షణ మొదలవ్వాలి. వైద్యులు ప్రపంచమంతా చెప్పే లెక్క ఇది. "ఆరు నెలల పసిగుడ్డుకు మిషనా!" అని ఆశ్చర్యపోకండి. ఆరు నెలలకే పెడుతున్నారు, ఇంకా ముందు కూడా పెడుతున్నారు. మీ బిడ్డకు ఆ వయసు దాటిపోయిందా? దిగులుతో ఇంకో ఆరు నెలలు పోగొట్టుకోకండి. తెలిసిన మర్నాడే బయల్దేరండి.

పరీక్షలంటే సూదులూ కోతలూ కావు. ఓఏఈ అనే మొదటి పరీక్షలో చెవిలో చిన్న మెత్తటి గొట్టం పెట్టి సన్నని శబ్దం పంపుతారు. బాగా పనిచేసే లోపలి చెవి దానికి ప్రతిధ్వనిలా జవాబిస్తుంది. కొద్ది నిమిషాల పని. అందులో తేడా కనిపిస్తే బెరా అనే పరీక్ష చేస్తారు. బిడ్డ నిద్రపోతుండగా తలకూ చెవుల వెనకా చిన్న తీగలు అంటించి, శబ్దం మెదడు దాకా వెళ్తోందో లేదో చూస్తారు. అందుకని ఆ రోజు ఉదయం బిడ్డను నిద్రపోనివ్వకుండా తీసుకురమ్మంటారు. పాలు పట్టి జోకొట్టడం మీ వంతు. కొందరు పిల్లల్లో చెవిపొర వెనక నీరు చేరడం వంటి చిన్న ఇబ్బందే ఉంటుంది, మందులతోనో చిన్న వైద్యంతోనో నయమవుతుంది. అదీ పరీక్షలోనే తేలుతుంది.

మిషన్లు రెండు రకాలు

మొదటిది మనకు తెలిసిన వినికిడి యంత్రం, హియరింగ్ ఎయిడ్. చెవి వెనక తగిలించుకునే ఈ చిన్న మిషను శబ్దాన్ని పెద్దది చేసి లోపలికి పంపుతుంది. రెండు చెవులకూ లోపముంటే రెండు చెవులకూ పెట్టించాలి. "ఒకటి చాల్లే" అని పొదుపు చెయ్యకండి. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో తెలియాలన్నా, గోలలో మాట పట్టుకోవాలన్నా రెండూ కావాలి. చెవిలో దూరే మెత్తటి అచ్చును మోల్డ్ అంటారు. పసిపిల్లల చెవి త్వరగా పెరుగుతుంది గనుక కొన్ని నెలలకోసారి కొత్త మోల్డ్ చేయించాలి. మిషను అస్తమానం కుయ్యిమని కూస్తోందంటే చాలాసార్లు మోల్డ్ వదులైందని అర్థం. చిరాకుపడి తీసి పారెయ్యకండి, మోల్డ్ మార్పించండి.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలే బాగా దెబ్బతిని ఉంటే ఎంత పెద్ద శబ్దం పంపినా లాభం ఉండదు. అలాంటి పిల్లలకు రెండోది, కాక్లియర్ ఇంప్లాంట్. చెవి వెనక చర్మం కింద ఒక చిన్న పరికరం అమర్చి, దాని సన్నని తీగను నత్తగుల్లలా చుట్టుకుని ఉండే లోపలి చెవిలోకి పంపుతారు. బయట చెవి మీద ఉండే మిషను మాటను విద్యుత్ సంకేతాలుగా మారిస్తే, ఆ తీగ వాటిని నేరుగా నరానికి అందిస్తుంది. బయటి భాగం తలకు అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది.

దీని వెనక ఒక ముచ్చటైన కథ ఉంది. ఆస్ట్రేలియా డాక్టరు గ్రేమ్ క్లార్క్ తండ్రికి చెవుడు. దుకాణంలో ఆయన పడే ఇబ్బంది చూస్తూ పెరిగిన కొడుకు పెద్దయ్యాక ఈ పని పట్టుకున్నాడు. అయితే మెలికలు తిరిగిన ఆ గుల్లలోకి తీగ ఎలా దూర్చాలో తెలియక తల పట్టుకున్నాడు. 1977లో సముద్రపు ఒడ్డున ఉన్నప్పుడు ఒక గుల్లను తీసుకుని, గడ్డిపరకను దాంట్లోకి తోసి చూశాడు. కొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక మెలికల వెంట సాఫీగా లోపలికి వెళ్ళిపోయింది. తీగనూ అలాగే తయారుచేశారు. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో మొదటి ఆపరేషన్ జరిగింది.

ఈ ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు, అందరికీ పనికీ రాదు. ముందు కొన్ని నెలలు హియరింగ్ ఎయిడ్ పెట్టి చూస్తారు. స్కానింగులు తీసి, లోపలి చెవి నిర్మాణం, నరం సరిగా ఉన్నాయో లేదో చూసి అప్పుడు నిర్ణయిస్తారు. ఆపరేషన్‌కు ముందు మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా వేసే టీకాలు తప్పనిసరిగా వేయించాలి.

స్విచ్ వేసిన రోజు

ఆపరేషన్ అయిన కొద్ది వారాలకు, గాయం మానాక, మిషను స్విచ్ వేస్తారు. ఆ రోజు మీ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. "అమ్మా" అని పిలుస్తుందేమోనని మీ కళ్ళు కాయలు కాస్తాయి. తీరా చూస్తే పాప బెదిరి ఏడుస్తుంది. లేదా ఏమీ పట్టనట్టు బొమ్మతో ఆడుకుంటుంది. కంగారు పడకండి. మొదటిసారి శబ్దం విన్న బిడ్డకు అది అమ్మ గొంతో, ఆటో హారనో ఎలా తెలుస్తుంది?

ఒక లెక్క గుర్తుంచుకోండి. మీ పాపకు పుట్టిన రోజులు రెండు. ఒకటి కన్న రోజు, రెండోది విన్న రోజు. రెండేళ్ళకు మిషను పెట్టిస్తే మూడో ఏట దాని చెవి వయసు ఏడాదే. ఏడాది పిల్ల ఎన్ని మాటలు మాట్లాడుతుందో అన్నే ఆశించండి. పక్కింటి మూడేళ్ళ పిల్లతో పోల్చుకుని కుమిలిపోకండి. మొదటి ఏడాది మిషనులోని శబ్దాల స్థాయిని ఎన్నోసార్లు సవరించాల్సి ఉంటుంది. దాన్ని మ్యాపింగ్ అంటారు. ఆ తేదీలు తప్పకుండా వెళ్ళండి.

ఎనభై నాలుగు గంటల లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మిషను శబ్దాన్ని ఇస్తుంది, భాషను ఇవ్వదు. భాష మనుషుల దగ్గర ఉంటుంది. వారానికొక గంట స్పీచ్ థెరపీకి తీసుకెళ్తారనుకుందాం. బిడ్డ రోజుకు పన్నెండు గంటలు మేలుకుని ఉంటుంది. వారానికి ఎనభై నాలుగు గంటలు. అందులో ఒక్క గంట టీచరుగారిది, మిగతా ఎనభై మూడూ మీ ఇంటివి! అందుకే మంచి థెరపిస్టు పాపకు నేర్పడంకంటే, పాపతో ఎలా మాట్లాడాలో మీకు నేర్పడానికే ఎక్కువ శ్రద్ధ పెడతారు. ఆ గంటలో మీరు బయట బెంచీ మీద కూర్చోకండి. గదిలో, పక్కనే కూర్చుని చూడండి.

"ఇంటెడు చాకిరీ మధ్య నాకంత తీరికెక్కడిది?" అంటారా? ఆ చాకిరీయే పాఠం. విడిగా బొమ్మల పుస్తకం పట్టుకుని గంటలు కూర్చోనక్కర్లేదు.

బెండకాయలు తరుగుతున్నారు. పాపని పక్కన కూర్చోబెట్టుకోండి. "బెండకాయలు కడుగుదామా? కడిగేశాం. ఇప్పుడు తుడుద్దాం. కోద్దాం... టక్, టక్, టక్! అబ్బ, జిగురు! నీ వేలికీ జిగురు!" ఒక్క కూర వండేలోగా బెండకాయ అన్న మాట పదిసార్లు పాప చెవిన పడుతుంది. కడగడం, తుడవడం, కోయడం అనే పనులు కళ్ళముందే మాటలవుతాయి. పోపు చిటపట, పాలు బుసబుస, బిందె ఖంగుమనడం, అన్నీ పాఠాలే.

కొన్ని చిన్న పద్ధతులు పాటించండి.

ముందు వినిపించండి, తర్వాత చూపించండి. కుక్కర్ కూయగానే మీ చెవి మీద వేలు పెట్టి "విను! ఏదో కూసింది!" అనండి. ఒక్క క్షణం ఆగి, అప్పుడు చెయ్యి పట్టుకుని కుక్కర్ చూపించండి. ఎప్పుడూ ముందే చూపించేస్తే చెవికి పని ఉండదు.

దగ్గరికి వెళ్ళి మాట్లాడండి. హాల్లోంచి కేకెయ్యకండి. దూరం పెరిగేకొద్దీ మాట పలచబడుతుంది, గోల మాత్రం అలాగే ఉంటుంది. పాప పక్కన, మిషను ఉన్న చెవికి జానెడు దూరంలో మామూలు గొంతుతో మాట్లాడండి. అరిస్తే మాట ఆకారమే చెడిపోతుంది. సాగదీసి, ముక్కలు చేసి పలికినా అంతే. ఆ సమయంలో టీవీ కట్టేయండి. మిక్సీ వేసుకున్నాక మాట్లాడండి.

మొదట పొడుగులో తేడా ఉన్న మాటలు తీసుకోండి. పాలు, అరటిపండు, చిలగడదుంప ఎదురుగా పెట్టి, "అరటిపండు ఇవ్వు" అనండి. చిన్న మాట, పెద్ద మాట అన్న తేడా చెవికి ముందుగా తెలుస్తుంది. దగ్గర దగ్గరగా ఉండే మాటలు తర్వాత.

అడిగి ఆగండి. "పాలు కావాలా?" అని అడిగి మనమే గ్లాసు నోటికి అందిస్తాం. మనసులో పది లెక్కపెట్టండి. పాప చూసి, ఆలోచించి, నోరు తెరవడానికి ఆ వ్యవధి కావాలి.

తప్పు పట్టకండి, పెంచి ఇవ్వండి. పాప "తాలు" అంటే "తాలు కాదు, పాలు అను, అను" అని సతాయించవద్దు. "పాలా! వేడి వేడి పాలు తాగుతావా?" అనండి. సరైన మాట మళ్ళీ వినిపించినట్టూ అవుతుంది, ఇంకో రెండు మాటలు చేర్చినట్టూ అవుతుంది.

ఇంట్లో తెలుగు మాట్లాడేవారైతే తెలుగులోనే మాట్లాడండి. బడికోసమని రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు నేర్పడంకంటే, మీకు నోరారా వచ్చిన భాషలో రోజంతా కబుర్లు చెప్పడం మేలు. మన భాషలో మాట చివర వచ్చే "లో", "కి", "తో", "నుంచి" చాలా మెత్తగా పలుకుతాం. వినికిడి తక్కువైన పిల్లలు వాటినే జారవిడుస్తారు. "గిన్నెలో వెయ్యి, గిన్నె మీద పెట్టు, గిన్నె కింద చూడు" అని ఆటలా ఆడించండి.

పాట, బాట, మాట

"పెదవులు చూసి అర్థం చేసుకుంటుందిగా, మిషను ఎందుకు?" అనేవాళ్ళుంటారు. వాళ్ళని అద్దం ముందు నిలబెట్టండి. గొంతు పెగల్చకుండా పాట, బాట, మాట అని పెదవులతో మాత్రమే అనమనండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి! ఇక క, గ లాంటి అక్షరాలు నోటి వెనక పుడతాయి, పెదవుల మీద అసలు కనిపించవు. పెదవులు సాయం చేస్తాయి గానీ చెవికి బదులు కాలేవు. అందుకే అప్పుడప్పుడు పాప మీ మొహం చూడని వైపు కూర్చుని మాట్లాడండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవద్దు, మాట మూసుకుపోతుంది. పక్కన కూర్చుంటే చాలు.

పొద్దున్నే రెండు నిమిషాల పరీక్ష

కెనడాలో పనిచేసిన డేనియల్ లింగ్ అనే పండితుడు చెప్పిన సులువైన పరీక్ష ఇది. రోజూ మిషను పెట్టగానే పాప వెనకగా కూర్చుని ఆరు శబ్దాలు మామూలు గొంతుతో అనండి. ఆ... ఊ... ఈ... మ్... ష్... స్... వీటిలో లావు శబ్దాలూ ఉన్నాయి, సన్నవీ ఉన్నాయి. మాటల్లో వచ్చే శబ్దాలన్నీ దాదాపు వీటి మధ్యలోనే ఇముడుతాయి. ఒక్కో శబ్దం వినగానే పాప ఒక్కో గాజు గిన్నెలో వెయ్యాలి, అదీ ఆట. శబ్దాల మధ్య వ్యవధి ఒకే తీరుగా ఉంచకండి, లేకపోతే వినకుండానే వేసేస్తుంది. నిన్నటి దాకా "స్" కు గాజు వేసిన పాప ఇవాళ వెయ్యకపోతే బ్యాటరీ చూడండి, మోల్డ్‌లో గుబిలి ఉందేమో చూడండి, జలుబు చేసిందేమో చూడండి. అవేవీ కాకపోతే ఆడియాలజిస్టుకు చూపించండి.

మిషను మన్నాలంటే

* తలంటికి, స్నానానికి, నిద్రకు ముందు బయటి మిషను తీసెయ్యాలి. తల బాగా ఆరాకే మళ్ళీ పెట్టాలి.
* చెవుల్లో నూనె పొయ్యకండి. చెవి వెనక నూనె, పౌడరు లేకుండా తుడవండి.
* సాంబ్రాణి పొగ, పొయ్యి సెగ, ఎండలో ఆపిన కారు, ఇవన్నీ మిషనుకు శత్రువులు.
* రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న మూత డబ్బాలో పెట్టండి. చెమట పట్టే మన ఊళ్ళలో ఇది మరీ అవసరం.
* బిళ్ళ బ్యాటరీ మీది కాగితం తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వెయ్యండి, పూర్తిగా పనిచేస్తుంది.
* ఆ బిళ్ళలు పిల్లల చేతికి అందనివ్వకండి. మింగితే ప్రాణానికే ముప్పు. మింగిందని అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.
* మోల్డ్‌ను మిషను నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. మిషనుకు నీరు తగలకూడదు.
* ఇంప్లాంట్ ఉన్న పిల్లకు ఏ స్కానింగ్ చేయించాల్సి వచ్చినా ముందే డాక్టరుకు ఆ మాట చెప్పండి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఒకటుంది. మిషను బీరువాలో పెట్టకండి! "ఖరీదైనది, పాడైపోతుంది, బడికి వెళ్ళేటప్పుడు పెడదాం", "చుట్టాల ముందు ఎందుకు, పెళ్ళిలో ఎందుకు" అని తీసి దాచే ఇళ్ళున్నాయి. దాచిన నగ అలాగే ఉంటుంది. దాచిన మిషను మాత్రం రోజూ పాప మాటల్ని దొంగిలిస్తుంది. మేలుకున్నంతసేపూ చెవి మీదే ఉండాలి. కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడుతున్నామా? ఇదీ అంతే.

ఖర్చు మాటేమిటి?

ఇంప్లాంట్ లక్షల్లో పని, నిజమే. కానీ దారులున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే చెవుడును ముందుగా గుర్తించే ఏర్పాటుంది. మీ అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడిగితే జిల్లాలోని డీఈఐసీ కేంద్రానికి దారి చూపిస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం, వీటి కింద అర్హులైన పిల్లలకు సాయం అందుతుంది. అయితే వీటికి వయసు హద్దులుంటాయి. అందుకే ఆలస్యం వద్దనేది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పరీక్షలు, మిషన్లు, థెరపీ అక్కడ దొరుకుతాయి. బడి వయసు పిల్లలకోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వైకల్య ధ్రువపత్రం, యుడిఐడి కార్డు ముందే తీసి ఉంచుకుంటే తిరుగుళ్ళు తగ్గుతాయి.

ఆపరేషన్ ఉచితంగా అయినా ఆ తర్వాత వైర్లు, బ్యాటరీలు, మరమ్మతులు ఉంటాయి. వారంటీ ఎన్నేళ్ళు, విడిభాగాల ధర ఎంత, పాడైతే ఎక్కడ ఇవ్వాలి అన్నవి సంతకం పెట్టే ముందే అడిగి రాయించుకోండి. నెలనెలా చీటీ కట్టినట్టు కాస్త డబ్బు దీనికని పక్కన పెట్టండి.

ఒక్కదానివే మొయ్యకు!

చివరగా మీ గురించి. బిడ్డకు చెవుడని తెలిసిన రోజు ఇల్లంతా ఒక్కసారి మీ వైపే చూస్తుంది. "గ్రహణంలో బయటికి వచ్చావేమో", "ఏం తిన్నావో" అంటారు. ఆ మాటలు పట్టించుకోకండి. గ్రహణానికీ చెవికీ సంబంధం లేదు. వంశపారంపర్యంగా వచ్చే చెవుడులో ఎక్కువ భాగం తల్లినుంచీ తండ్రినుంచీ చెరొక జన్యువు వస్తేనే కలుగుతుంది. అంటే అందులో ఒకరి తప్పు లేదు, అసలు తప్పే లేదు. ఏడుపొస్తే ఏడవండి. కళ్ళు తుడుచుకుని మర్నాడు పాపతో మాట్లాడండి.

ఎనభై మూడు గంటలూ అమ్మే మొయ్యాలని ఎక్కడా రాసి లేదు. సాయంత్రం సైకిలు తుడిచేటప్పుడు నాన్నగారు పాపని పక్కన పెట్టుకుని చక్రం, గొలుసు, గంట అని చెప్పవచ్చు. తాతగారు కథలు చెప్పవచ్చు, నాయనమ్మ పూలు గుచ్చుతూ లెక్కపెట్టించవచ్చు. అన్నయ్యతో కొట్లాడి "నాది! ఇవ్వు!" అని పాప అరిచిన రోజు వాళ్ళని విడదీయకండి, పండగ చేసుకోండి. బడిలో టీచరుకు చెప్పి ముందు వరసలో, రొద చేసే ఫ్యానుకూ కిటికీకీ దూరంగా కూర్చోబెట్టించండి.

ఇంత చేసినా కొందరికి మాటలు పూర్తిగా రాకపోవచ్చు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు, నరంలో లోపమున్నవాళ్ళు ఉంటారు. అది మీ ఓటమి కాదు, పాప ఓటమి అంతకంటే కాదు. చేతులతో మాట్లాడే సైగల భాష కూడా సొంత వ్యాకరణం ఉన్న నిండైన భాషే. అవసరమైతే మీరూ నేర్చుకోండి, కొందరు పిల్లలు రెండూ కలిపి హాయిగా వాడుకుంటారు. బిడ్డ మనసులో మాట మనకు చేరాలి, మన మాట బిడ్డకు చేరాలి. అదే ముఖ్యం.

రేపు పొద్దున్న కుక్కర్ కూసినప్పుడు మీ ఇంట్లో పసిబిడ్డ ఏం చేస్తోందో ఒక్కసారి చూడండి. తల తిప్పితే సంతోషం. తిప్పకపోతే వసకొమ్ము వెతకకండి. స్టవ్ కట్టేసి, చీర మార్చుకుని, బిడ్డని చంకనేసుకుని చెవి డాక్టరు దగ్గరకు బయల్దేరండి. కూర ఎవరైనా వండుతారు!